పొద్దుతిరుగుడు ట్యాగు వేసుకుని మా ఊళ్ళో నెల రోజులు

ఇబ్రహీంపట్నం అనగానే చాలామంది "విజయవాడ పక్కన ఉంటది, అదేనా?" అని అడుగుతారు. అది కాదు. జగిత్యాల జిల్లాలో ఉన్నదీ కాదు. మాది రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం. ఎల్బీనగర్‌లో 277 నంబరు బస్సు ఎక్కితే బీఎన్ రెడ్డి నగర్, తుర్కయంజాల్, రాగన్నగూడ, బొంగుళూరు గేటు, మంగళ్‌పల్లి, శేరిగూడ దాటుకుంటూ వచ్చి ఆగే ఊరు. నాగార్జునసాగర్ పోయేవాళ్ళు మా ఊరి మీద నుంచే పోతారు. చాయ్‌కి ఆగి, చెరువు దిక్కు చూసి, ఒక ఫొటో దిగి మళ్ళీ బండెక్కుతారు.

ఆ రోడ్డు మీద, ఆ చెరువు కట్ట మీద, మా బస్టాండులో నేను ఈ జనవరిలో నెల రోజులు ఒక ట్యాగు మెడలో వేసుకుని తిరిగాను. ఆకుపచ్చ రంగు తాడు, దాని మీద పొద్దుతిరుగుడు పూలు. కొన్ని రోజులు దానితో పాటు ఒక టీషర్టు కూడా. గుండెల మీద ఏడు రంగుల్లో, అడ్డంగా పడుకున్న ఎనిమిది అంకె లాంటి గుర్తు. కింద చిన్న అక్షరాలతో 'ఆటిజం' అని ఉంటుంది.

ఆటిజం ఉన్నది నాకు కాదు, మా తమ్ముడికి. వాడికి పద్నాలుగేళ్ళు. మరి నేనెందుకు వేసుకున్నానంటే, దానికి ఒక కథ ఉంది. ముందు బస్సులో ఏమైందో చెప్తా.

బస్సులో మొదటి రోజు

మా రూటులో పొద్దున బస్సంటే సగం ఇంజినీరింగ్ పిల్లలే. మంగళ్‌పల్లి, శేరిగూడ వైపు కాలేజీలు అన్ని ఉన్నాయి మరి. మిగతా సగం ఆడవాళ్ళు. 2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకం మొదలైనప్పటి నుంచి ఆధార్ చూపించి జీరో టికెట్ తీసుకుని, ఎల్బీనగర్ దాకా కబుర్లు చెప్పుకుంటూ వచ్చే అక్కలు, అవ్వలు ఎక్కువయ్యారు. ఎవరైనా ఏదైనా కొత్తది వేసుకుంటే అడగకుండా ఉండే బస్సు కాదది.

మొదటి ప్రశ్న ఒక బీటెక్ కుర్రాడిది. "అక్కా, ఇన్ఫినిటీ సింబలా? మ్యాథ్స్ డిపార్ట్‌మెంటా?"

రెండోది పక్క సీట్లో పూల గంప పెట్టుకున్న అవ్వది. ట్యాగు చేతిలోకి తీసుకుని చూసింది. "పొద్దుతిరుగుడు పువ్వా? ఏం ఎలక్షన్లు బిడ్డా ఇప్పుడు? ఏ పార్టీ గుర్తిది?"

నాకు నవ్వొచ్చింది. లండన్ దగ్గర గాట్విక్ విమానాశ్రయంలో 2016లో మొదలైన గుర్తు ఇది. బయటికి కనిపించని వైకల్యం ఉన్నవాళ్ళు దీన్ని మెడలో వేసుకుంటే, అక్కడి సిబ్బంది కొంచెం ఓపిక పట్టాలని, తొందర పెట్టకూడదని దాని అర్థం. ఇప్పుడు చాలా దేశాల్లో వాడుతున్నారు, మన బెంగళూరు విమానాశ్రయంలో కూడా ఉంది. కానీ 277 బస్సులో అది ఒక పువ్వు, అంతే.

అవ్వకి వివరంగా చెప్పాను. మొత్తం విని, నా మొహంలోకి చూసి, "మంచిగనే మాట్లాడుతున్నవ్ గదా బిడ్డా. నీకేం రోగం లేదు, పో" అంది.

"నాకు కాదవ్వా, మా తమ్ముడికి" అన్నాను. చాలా తొందరగా అన్నాను. ఆ తొందర నాకే వినిపించింది. ఎల్బీనగర్ వచ్చేదాకా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

ఎందుకు వేసుకున్నానంటే

కిందటి సద్దుల బతుకమ్మ రోజు. మా ఊళ్ళో ఆ రోజు పెద్ద చెరువు దగ్గర ఎంత సందడో చూడాల్సిందే. తంగేడు, గునుగు, బంతి పూలు పేర్చిన బతుకమ్మలు నెత్తిన పెట్టుకుని ఆడవాళ్ళంతా కట్ట వైపు నడుస్తారు. ఇది కుతుబ్‌షాహీల కాలం నాటి చెరువు. 1550 నుంచి 1580 దాకా గోల్కొండను ఏలిన ఇబ్రహీం కులీ కుతుబ్‌షా పేరే మా ఊరికి వచ్చింది. ఆయన కాలంలోనే హుస్సేన్‌సాగర్ కూడా కట్టారు. నా చిన్నప్పుడు మా చెరువులో నీళ్ళకంటే మట్టే ఎక్కువ కనిపించేది. ఈ మధ్య నిండుగా ఉంటోంది. ఊరంతా సంతోషం. మా అమ్మకి మాత్రం అప్పటినుంచి భయం, ఎందుకంటే తమ్ముడికి నీళ్ళంటే ప్రాణం.

ఆ సాయంత్రం డీజే చప్పుడుకి వాడు చెవులు మూసుకున్నాడు. నేను బ్యాగులోంచి హెడ్‌ఫోన్స్ తీసేలోపే చెయ్యి వదిలించుకుని పోయాడు. నలభై నిమిషాలు వెతికాం. మైకులో చెప్పించాం. కానీ వాడి పేరు పిలిస్తే వాడు పలకడు కదా!

దొరికాడు. కట్ట కింద, నీళ్ళకి నాలుగడుగుల దూరంలో. ఒకాయన వాడి రెక్క పట్టుకుని ఉన్నాడు. తమ్ముడి చెంప మీద వేళ్ళ అచ్చులు. ఆయన మా ఊరి మనిషి కాదు, కొత్తగా వెంచర్లో ఇల్లు కట్టుకున్నాడట. నీళ్ళలోకి దిగుతున్న పిల్లాణ్ణి చూసి పరిగెత్తి పట్టుకున్నాడు. పేరడిగితే చెప్పలేదు. ఇల్లెక్కడంటే మొహం చూడలేదు, చేతులు ఊపుతూ నవ్వాడు. తాగాడో, బలుపో అనుకుని ఒకటిచ్చాడు.

సంగతి చెప్పగానే ఆయన మొహం మాడిపోయింది. "నాకేం తెలుసమ్మా? చూడనీకి మంచిగనే ఉన్నడు కదా" అన్నాడు.

ఆయన మీద కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ వాణ్ణి నీళ్ళలోంచి ఆపిందీ, కొట్టిందీ ఒకటే చెయ్యి. ఆ చెయ్యి లేకపోతే ఏమయ్యేదో ఆలోచిస్తే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. 'చూడనీకి మంచిగనే ఉన్నడు' అన్న మాట మాత్రం నా బుర్రలో ఉండిపోయింది. కాలు లేకపోతే కనిపిస్తుంది. చూపు లేకపోతే చేతికర్ర చెప్తుంది. మా వాడి సంగతి ఎవరు చెప్పాలి?

పదేళ్ళ కింద అయితే ఈ ప్రశ్నే వచ్చేది కాదు. అప్పుడు ఊరు చిన్నది. తమ్ముడు ఏ సందులోకి పోయినా "ఫలానా వాళ్ళ పోరడు" అని ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని ఇంటికి తెచ్చేవాళ్ళు. ఇప్పుడు ఆదిబట్లలో ఐటీ, విమాన భాగాల కంపెనీలు, ఔటర్ రింగు రోడ్డు, ఎటు చూసినా వెంచర్లు. ఊరు పెరగడం మంచిదే, నాకూ ఉద్యోగం దగ్గరైంది. కానీ మా వాణ్ణి ఎరిగినవాళ్ళ కంటే ఎరగనివాళ్ళు ఎక్కువైపోయారు.

మూడు గుర్తులు, ముగ్గురి గొడవ

ఆ రాత్రే ఫోన్లో వెతికాను. ఆటిజం అని కొడితే టీషర్టులు, కీచైన్లు, బ్యాడ్జీలు, చేతి బ్యాండ్లు వరసగా వచ్చాయి. ఎక్కువ వాటి మీద ఒక పజిల్ ముక్క ఉంది. చిన్నపిల్లలు బొమ్మ కలిపే అట్టముక్కల్లో ఒకటి. ఆ గుర్తుని 1963లో ఇంగ్లండ్‌లో ఒక సంఘం మొదలుపెట్టింది, రూపొందించింది కూడా ఆ సంఘంలోని ఒక తండ్రే. మొదటి బొమ్మలో ముక్క లోపల ఒక పిల్లాడు ఏడుస్తూ ఉంటాడు.

ఆటిజం ఉండి పెద్దవాళ్ళైన చాలామందికి ఆ గుర్తు నచ్చదు. 'మేమేం విడిపోయిన ముక్కలం కాదు, మాలో ఏదీ తక్కువ కాలేదు' అంటారు. వాళ్ళు ఎంచుకున్నది ఏడు రంగుల ఇన్ఫినిటీ గుర్తు. జూన్ 18న ఆటిస్టిక్ ప్రైడ్ డే జరుపుకోవడం 2005లో మొదలైంది, ఆ గుర్తు దానితో పాటే జనంలోకి వచ్చింది. ఏప్రిల్ 2 వేరే. అది ఐక్యరాజ్యసమితి ప్రకటించిన ప్రపంచ ఆటిజం అవగాహన దినం, 2008 నుంచి జరుగుతోంది. ఆ రోజు నీలం రంగు బట్టలు, నీలం లైట్లు చూస్తుంటాం.

నేను ఇన్ఫినిటీ టీషర్టు, పొద్దుతిరుగుడు ట్యాగు తెప్పించాను. తమ్ముడికి టీషర్టు చూపించాను. మెత్తగా ఉందని చెంపకి ఆనించుకున్నాడు. ట్యాగు మెడలో వేయబోతే తీసి విసిరేశాడు. అవునులే, కొత్త చొక్కా కొంటే కాలరు వెనక కంపెనీ లేబులు కత్తిరిస్తే గానీ వేసుకోడు. మెడకి ఏది తగిలినా వాడికి ముల్లు గుచ్చుకున్నట్టే.

అమ్మ తలుపు దగ్గర నిలబడి చూస్తోంది. "వాని మొఖాన రాసి ఊరంతా తిప్పుతవా?" అంది. "రేపు నీకు సంబంధాలు రావద్దా?"

అమ్మ రెండో మాట పట్టించుకోలేదు. మొదటి మాట తగిలింది. వాడి గురించి ఊరందరికీ చెప్పే హక్కు నాకెవరిచ్చారు? వాడు "సరే" అనలేడు, "వద్దు" అని నోటితో చెప్పలేడు. అందుకే ముందు నేనే వేసుకుని చూద్దామనుకున్నా. వాడి మీద పడబోయే చూపులు ఎట్లా ఉంటాయో నాకు తెలియాలి కదా.

చూపుల లెక్క

జిరాక్స్ షాపులో కుర్రాడు టీషర్టు చదివి, నాతో గట్టిగా, ఒక్కో మాటా విడదీసి మాట్లాడటం మొదలుపెట్టాడు. "అక్కా... ఎన్ని... కాపీలు... కావాలె?" చిల్లర రెండుసార్లు లెక్కపెట్టి చేతిలో పెట్టాడు. పాపం, మంచోడే. కానీ అయిదు నిమిషాల్లో నేను ఇరవై మూడేళ్ళ మనిషి నుంచి ఆరేళ్ళ పిల్లనైపోయాను.

కట్ట మీద పల్లీలు అమ్మే పెద్దమ్మ వేరే. కథంతా విని, "జహంగీర్ పీర్ల దర్గాకు తీస్కపో బిడ్డా, నియ్యత్ పెట్టుకుంటే మంచిగైతది" అంది. కొసరుగా ఇంకో గుప్పెడు పల్లీలు పొట్లంలో పోసింది. 'ఇది జబ్బు కాదు పెద్దమ్మా, మంచి కావడానికి' అని చెప్దామనుకున్నా. ఆ గుప్పెడు పల్లీలు చూసి ఊరుకున్నా.

టిఫిన్ సెంటర్ దగ్గర నలుగురు కుర్రాళ్ళు. ఒకడు ఫోన్ తీసి నా టీషర్టు వీడియో తీస్తున్నాడు. "ఏం తమ్మీ?" అంటే, "అక్కా, ఆటిజం అంటే ఎలాన్ మస్క్‌కి ఉన్నదే కదా?" అన్నాడు. మస్క్ 2021లో ఒక టీవీ షోలో తనకు ఆస్పర్జర్స్ ఉందని చెప్పిన మాట నిజమే, ఆటిజంలో ఒక రకానికి పాత పేరది. వెంటనే రెండో ప్రశ్న: "మరి మీ తమ్ముడికి ఏం టాలెంట్ ఉంది?"

సినిమాల పుణ్యమా అని అందరూ ఇదే అడుగుతారు. లెక్కలు గబగబా చేస్తాడా, పాటలు పాడతాడా అని. "మా వానికి దోశ అంటే ఇష్టం. బస్సు టైర్లు చూడటం ఇష్టం. టాలెంట్ ఏం లేదు" అన్నాను. వాళ్ళ మొహాలు వాడిపోయాయి. ఫోన్ జేబులో పెట్టేశాడు. మామూలుగా ఉండే హక్కు కూడా మా వాళ్ళకి ఇవ్వరేంటో!

పదిహేను రోజులయ్యాక ఒక మార్పు నాలోనే వచ్చింది. ఎవరైనా "నీకుందా?" అని అడిగితే, "నాకు కాదు" అనడం మానేశాను. ఉందన్నట్టు తల ఊపి ఊరుకునేదాన్ని. అవ్వ ముందు అంత తొందరగా నేను దేన్ని దులుపుకున్నానో అప్పటికి అర్థమైంది. అక్కని అయ్యుండీ నేనే అంత తొందరపడితే, ఊరిని ఏమని తప్పు పట్టను?

చెప్పుల షాపు అన్న

ఇరవయ్యో రోజు. బస్టాండు దగ్గర చెప్పుల షాపులో చెప్పులు చూస్తున్నా. షాపతను ట్యాగు చూశాడు, చదివాడు, ఏమీ అనలేదు. బిల్లు ఇచ్చేటప్పుడు పక్కనున్న కస్టమరు పోయేదాకా ఆగాడు. తర్వాత గొంతు తగ్గించి అడిగాడు.

"అమ్మా, మా చిన్నోనికి నాలుగేండ్లు. పిలిస్తే చూడడు. ఒకటే బొమ్మ కారు చక్రం తిప్పుకుంట కూసుంటడు. మాటలు లేటుగ వస్తయ్ లే అంటున్రు అందరు. యాడ చూపియ్యాలె?"

నెల రోజుల్లో ఎదురైన చూపులన్నీ ఆ ఒక్క ప్రశ్న ముందు చిన్నవైపోయాయి. మేము ఇదే ప్రశ్నతో మూడేళ్ళు తిరిగాం. బుద్ధిమాంద్యం అన్నారు, చెవుడు అన్నారు, గారాబం అన్నారు.

నాకు తెలిసినవి అక్కడే ఒక కాగితం మీద రాసిచ్చాను. సికింద్రాబాద్ బోయిన్‌పల్లిలోని మనోవికాస్ నగర్‌లో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. 1984లో పెట్టారు. పాత పేరు ఎన్ఐఎంహెచ్, ఇప్పుడు ఎన్ఐఈపీఐడీ. మన దేశంలో ఆటిజాన్ని అంచనా వేసే 'ఐసా' అనే పద్ధతిని తయారుచేసింది వాళ్ళే. నలభై అంశాలు ఉంటాయి. పిల్లవాడు కళ్ళలోకి చూస్తాడా, పిలిస్తే పలుకుతాడా, చప్పుళ్ళకి ఎట్లా స్పందిస్తాడు, ఇట్లాంటివి. ఒక్కోదానికి ఒకటి నుంచి అయిదు దాకా మార్కులు. మొత్తం 70 దాటితే ఆటిజం ఉన్నట్టు లెక్క. మార్కులు వేయాల్సింది శిక్షణ ఉన్న నిపుణులే, మనం ఇంట్లో వేసుకునేది కాదు.

చట్టం సంగతీ చెప్పాను. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఏడు వైకల్యాలే ఉండేవి, అందులో ఆటిజం లేదు. 2016 చట్టంలో అవి ఇరవై ఒకటి అయ్యాయి, ఆటిజం కూడా చేరింది. సర్టిఫికెట్ వస్తే యూడీఐడీ కార్డు తీసుకోవచ్చు. నేషనల్ ట్రస్టు వాళ్ళ 'నిరామయ' ఆరోగ్య బీమాకి దరఖాస్తు చేసుకోవచ్చు, ఏడాదికి లక్ష రూపాయల దాకా ఉంటుంది. వీటన్నిటి కంటే ముఖ్యం, వయసు చిన్నగా ఉన్నప్పుడే థెరపీ మొదలుపెట్టడం.

అతను కాగితం నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో, ఫోన్ వెనకాల పెట్టుకున్నాడు. "మా ఇంటామెకు చెప్పలే ఇంకా. భయపడ్తదని" అన్నాడు. చెప్పుల డబ్బులు తగ్గిస్తానన్నాడు. వద్దన్నాను.

ఇంటికొచ్చి అమ్మకి ఈ సంగతి చెప్పాను. ఏమీ మాట్లాడలేదు. అన్నం పెడుతూ, "మన వానికి నాలుగేండ్లప్పుడు గిట్ల ఎవరన్న కనపడి ఉంటే..." అని ఆగిపోయింది.

చివరికి ఏం తేలింది?

నెల రోజుల లెక్క తీస్తే, ట్యాగు చూసి అర్థం చేసుకున్నది ఇద్దరే. ఒకరు ఎల్బీనగర్ మెట్రో స్టేషన్లో ఎదురైన ఒక స్పీచ్ థెరపిస్టు, రెండు చెప్పుల షాపు అన్న. అతను కూడా అర్థం చేసుకున్నది పువ్వుని కాదు, కింద తెలుగులో ఉన్న ఒక్క మాటని.

కాబట్టి తమ్ముడికి గుర్తులేవీ పెట్టలేదు. ఒక కార్డు చేయించాం. లామినేషన్ చేయించి, బ్యాగు పట్టీకి క్లిప్పుతో పెట్టాం. మెడకి తగలదు. దాని మీద అమ్మ, నేను కూర్చుని రాసిన మాటలు ఇవి:

"నాకు ఆటిజం ఉంది. నేను మాట్లాడలేను. మీ మాట వింటాను. గట్టిగా అరవకండి, కొట్టకండి. నీళ్ళ దగ్గర ఉంటే చెయ్యి వదలకండి. ఈ నంబరుకి ఫోన్ చేయండి."

నీళ్ళ ముచ్చట అమ్మదే. కార్డు వెనకవైపు ఖాళీ. అవసరం లేని చోట తిప్పేయొచ్చు. మొదటి రెండు రోజులు వాడు దాన్ని పీకేశాడు. మూడో రోజు కార్డు ఎండకి మెరుస్తుంటే అటూ ఇటూ తిప్పి చూశాడు. ఇప్పుడు బ్యాగు తీసుకోగానే ముందు కార్డునే ముట్టుకుంటాడు. వాడు 'సరే' అన్నాడని నేను చెప్పను. 'వద్దు' అంటే ఎట్లా ఉంటుందో మాత్రం మాకు బాగా తెలుసు. అది లేదు, అంతవరకే.

మొన్న ఆదివారం సాయంత్రం వాణ్ణి తీసుకుని కట్ట మీదికి పోయా. సాగర్ రోడ్డు మీద లారీల హారన్లు. వాడు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, కార్డు ముందుకు తిప్పిన బ్యాగుతో నడుస్తున్నాడు. సెల్ఫీలు దిగుతున్న ఒక జంట కార్డు చదివారు. అమ్మాయి అబ్బాయి చెవిలో ఏదో చెప్పింది. ఇద్దరూ పక్కకి జరిగి దారిచ్చారు. వాడు నీళ్ళు చూసి చేతులు ఊపుతూ ఎగిరాడు. నేను వాడి బ్యాగు పట్టీ పట్టుకునే ఉన్నా.

తిరిగొస్తూ టిఫిన్ సెంటర్ దగ్గర ఆగాం. చిన్నప్పటి నుంచి పోతున్న చోటు అది. అన్న మమ్మల్ని చూసి పెనం మీద పిండి పోశాడు. చట్నీ వేయకుండా, నాలుగు ముక్కలు చేసి, ముక్కకి ముక్క తగలకుండా ప్లేటులో సర్ది వాడి ముందు పెట్టాడు. అన్న ఆ కార్డు ఎప్పుడూ చదవలేదు.

నేను బ్యాగు మీద కార్డు వెనక్కి తిప్పి, వాడి పక్కన కూర్చున్నా.